ఏడాదికి ముప్పావుగంట ఫైటింగ్, మిగతాదంతా జిమ్

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు కుర్రాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు కలిసి కూర్చున్న సభలో ఒక ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, గుద్దులూ కుస్తీ కలిసిన పోటీ ఆట) కోచ్ మాట్లాడిన మాటలకి రాత రూపం. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ కుర్రాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఎవర్నీ స్టేజి ఎక్కించి కొట్టించను. (నవ్వులు) నన్ను పిలిచిన పెద్దలు ఇచ్చిన టాపిక్ "ఎంఎంఏలో కెరీర్". కార్డు మీదా అదే అచ్చేశారు, పక్కన కండలు తిరిగిన మనిషి బొమ్మొకటి పెట్టి. ఆ మనిషెవరో నాకు తెలీదు గానీ, నీళ్ళు తాగి చాలాసేపైందని మాత్రం ఆ కండలు చూస్తేనే చెప్పగలను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను కొంతకాలం కేజ్‌లో, అంటే చుట్టూ వల కట్టిన బరిలో ఆడాను, ఇప్పుడు కుర్రాళ్ళకి నేర్పిస్తూ వాళ్ళ ఫైట్లకి కార్నర్‌లో ఉంటున్నాను. కార్నర్ అంటే రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య దొరికే ఒక్క నిమిషంలో లోపలికి పరిగెత్తి, స్టూలు వేసి, నీళ్ళు పట్టి, రక్తం తుడిచి, రెండు ముక్కలు చెప్పి బయటపడే మనిషి. గెలిచాక తీసే ఫొటోలో ఓ మూల సగం భుజం కనబడుతుందే, అది నాది. కాబట్టి "యోధుడు", "సింహం" లాంటి మాటలు నా దగ్గర దొరకవు. అవి మైకు పట్టుకున్న వాళ్ళ మాటలు. నేను లెక్కలు చెప్తాను.

మన ఊరికి ఒళ్ళు పెంచడం కొత్తేం కాదు. జిమ్ అనే మాట రాకముందు తాలింఖానా అనేవాళ్ళు, ఒడియా వాళ్ళు ఆఖడా అంటారు, పేరేదైతేనేం, గదలు తిప్పడం, దండీలు తియ్యడం పాత బజారు వీధుల్లో పుట్టి పెరిగిన వాళ్ళందరికీ తెలుసు. కోడి రామమూర్తి గారి వీరఘట్టం మనకేం దూరం? మన ఊరి కాటూలు రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చాడు, 2014లో గ్లాస్గోలో వెండి తెచ్చాడు. మన అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్రలో ఒళ్ళంతా పులి రంగులు పూసుకుని డప్పు ఆగేదాకా ఆడే వాళ్ళని చూసినప్పుడల్లా, వీళ్ళలో ఒక్కడికి కుస్తీ నేర్పితే ఎలా ఉంటుందా అని నాకు మనసు లాగుతుంది. అంటే మన దగ్గర బలానికి కొదవ లేదు. కానీ బరువులెత్తేవాడికి ఎదురుగా ఉన్న ఇనుము తిరిగి కొట్టదు. కొట్టే ఆటలో కెరీర్ లెక్క వేరే.

పెద్దవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది టీవీలో చూసే డబ్ల్యూడబ్ల్యూఈ కాదు, అందులో ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. ఇది నిజం ఆట. 1993లో అమెరికాలో డెన్వర్‌లో యూఎఫ్‌సీ అనే సంస్థ మొదటి పోటీ పెట్టినప్పుడు నిబంధనలు నామమాత్రంగా ఉండేవి, తర్వాత 2000 ప్రాంతంలో న్యూజెర్సీలో అందరికీ ఒకే రూల్సు రాసుకున్నారు. బాక్సింగ్, కుస్తీ, జూడో, నేల మీద పట్లు పట్టే జియుజిత్సు, థాయ్‌లాండ్ వాళ్ళ కిక్ బాక్సింగ్ ముయే థాయ్ అన్నీ కలుస్తాయి. అయిదేసి నిమిషాలు, మూడు రౌండ్లు, టైటిల్ ఫైట్ అయితే అయిదు. కళ్ళలో వేళ్ళు పెట్టకూడదు, తలతో గుద్దకూడదు, బెల్టు కింద కొట్టకూడదు. ఓడిపోయానని ఒప్పుకోవాలంటే చేత్తో తడితే చాలు, దాన్ని టాప్ అంటారు. ఇంతే. మిగతాది యూట్యూబ్‌లో చూసుకోండి, ఇవాళ నేను చెప్పాలనుకున్నది అది కాదు.

ఒక ప్రొఫెషనల్ ఫైటర్‌కి ఏడాదిలో ఎన్ని ఫైట్లు దొరుకుతాయి? రెండు, బాగా నడిస్తే మూడు. ఒక్కో ఫైట్ మూడు రౌండ్లూ పూర్తిగా జరిగిందనే అనుకుందాం, పదిహేను నిమిషాలు. మూడు పదిహేనులు నలభై అయిదు. అంటే ఏడాది మొత్తంలో జనం ముందు కొట్టించుకునేది ముప్పావుగంట. ఇప్పుడు జిమ్‌కి రండి. వారానికి రెండు రోజులు స్పారింగ్, అంటే తోటివాడితో ప్రాక్టీసు కొట్లాట పెట్టాం అనుకోండి, రోజుకి అయిదు రౌండ్లు, రౌండ్‌కి అయిదు నిమిషాలు. వారానికి యాభై నిమిషాలు. ఒక్క వారం స్పారింగు ఏడాది ఫైట్లని దాటిపోయింది! వీడి తల మీద పడే దెబ్బలు ఎక్కడ పడుతున్నాయో ఇప్పుడు చెప్పండి. లైట్లు, కెమెరాలు, రెఫరీ, డాక్టరు ఉన్న చోట కాదు. మంగళవారం సాయంత్రం, ఫ్యాను తిరగని షెడ్డులో, డాక్టరు కాదు కదా ఐసు ముక్క కూడా లేని చోట.

అక్కడ ఇంకో తిరకాసు ఉంది. ఫైట్‌లో పడిపోతే రెఫరీ ఆపుతాడు, ఆ తర్వాత నెలో రెండు నెలలో కొట్లాట వద్దని డాక్టరు రాసిస్తాడు, ఆటని అజమాయిషీ చేసే మంచి కమిషన్ ఉన్న చోట దాన్ని పాటించి తీరాలి. జిమ్‌లో పడిపోతే? "ఏం కాలేదు మాస్టారూ" అని లేచి నిలబడతాడు, పక్కనున్న వాళ్ళు చప్పట్లు కొడతారు, వాడు మళ్ళీ అదే వారం స్పారింగ్‌కి వస్తాడు. ఈ చప్పట్లు కొట్టే అలవాటు నా జిమ్‌లో లేదు.

తలలో ఏం జరుగుతుందో సులువుగా చెప్తాను. కుండలో పెరుగు తోడుకుంది. కుండని గట్టిగా ఊపారు. కుండకి బీట కూడా పడదు, లోపల పెరుగు విరిగిపోతుంది. పుర్రె, మెదడు సంగతి అంతే. గ్లవ్స్ ఉన్నాయి కదా సార్ అంటారు, హెడ్‌గార్డ్ ఉంది కదా అంటారు. గ్లవ్ కాపాడేది కొట్టేవాడి చేతిని. హెడ్‌గార్డ్ చర్మం తెగకుండా కాపాడుతుంది, ఊపు మాత్రం లోపలికి వెళ్ళిపోతుంది. పైగా కళ్ళు తిరిగి పడిపోయేంత దెబ్బ ఒక్కటే ప్రమాదం అనుకోకండి, చిన్న చిన్నవి ఏళ్ళ తరబడి కూడా లెక్కకి వస్తాయి. గ్యారీ గుడ్‌రిడ్జ్ అని పాత రోజుల్లో పెద్ద పేరున్న హెవీవెయిట్, రిటైరయ్యాక దెబ్బల వల్ల వచ్చిన మెదడు జబ్బు అని డాక్టర్లు చెప్పారు, మర్చిపోవడం మొదలైంది. ఆ మనిషి వీడియోలు ఈ కుర్రాళ్ళందరి ఫోన్లలోనూ ఉంటాయి, ఆయన గెలిచినవి మాత్రమే.

మరి దెబ్బ తినకుండా ఎలా నేర్చుకుంటాం అని ముందు వరసలో ఓ తమ్ముడు మొహం అలా పెట్టాడు. మాక్స్ హాలొవే పేరు విన్నావా? హవాయి మనిషి, ఫెదర్‌వెయిట్ చాంపియన్‌గా చేశాడు. గట్టి స్పారింగ్ మానేశానని తనే చెప్పాడు. మానేసి, 2021 జనవరిలో కాల్విన్ కేటర్ మీద అయిదు రౌండ్లలో 445 గట్టి దెబ్బలు వేశాడు, యూఎఫ్‌సీలో ఒకే ఫైట్‌లో అన్ని ఎవరూ వెయ్యలేదు. 2024 ఏప్రిల్‌లో యూఎఫ్‌సీ 300లో జస్టిన్ గేజీని చివరి సెకనులో పడగొట్టాడు. స్పారింగ్ లేకపోతే టైమింగ్ పోతుంది అనే వాళ్ళకి నేనిచ్చే జవాబు ఇదే. అందరూ హాలొవే కాలేరు, నిజమే, అతను అప్పటికే వందల రౌండ్లు చూసినవాడు. కొత్తవాడికి కొంత స్పారింగ్ కావాలి. కానీ దాన్ని నెమ్మదిగా చెయ్యండి, ఒళ్ళు మీద గట్టిగా, తల మీద తాకీ తాకనట్టుగా. గ్రౌండ్ మీద కుస్తీ, జియుజిత్సు ఎంత గట్టిగా పట్టుకున్నా పర్లేదు, చెయ్యి మెలిపడితే టాప్ చేస్తావు, మళ్ళీ రేపు వస్తావు. తలకి టాప్ లేదు.

సరే, బొమ్మలోని కండల మనిషి దగ్గరికి వద్దాం. వెయిట్ కట్, అంటే ఫైట్‌కి ముందు జరిగే తూకం కోసం బరువు దించడం. అమ్మలూ, ఇది మీరు శ్రద్ధగా వినాలి.

ఈ ఆటలో బరువు తరగతులు ఉంటాయి. ఫ్లైవెయిట్ 56.7 కిలోలు, బాంటమ్ 61.2, ఫెదర్ 65.8, లైట్‌వెయిట్ 70.3, అలా పైకి. మన వైపు కుర్రాళ్ళు ఎక్కువగా ఈ నాలుగింట్లోనే పడతారు. మామూలు రోజుల్లో డెబ్భై కిలోలుండే కుర్రాడు డెబ్భైలోనే ఆడొచ్చు కదా? ఆడడు. అరవై ఒకటికి దిగుతాడు, ఎందుకంటే అవతలివాడూ అలాగే దిగుతున్నాడు. ముందు కొన్ని వారాలు తిండి తగ్గించి రెండు మూడు కిలోలు తీస్తాడు, అది మంచి పద్ధతే, దాంతో ఎవరికీ గొడవ లేదు. మిగతా ఆరు కిలోలు చివరి వారంలో, అందులోనూ చాలావరకు చివరి ఒకటిన్నర రోజులో తీస్తాడు. ఒకటిన్నర రోజులో కొవ్వు కరగదు నాయనా. పోయేదంతా నీళ్ళే.

ఎలా తీస్తారో దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి చెప్తాను. వారం మొదట్లో బిందెలకి బిందెలు తాగిస్తారు, ఒళ్ళు నీళ్ళు వదిలెయ్యడానికి అలవాటు పడేలా. తర్వాత ఒక్కసారిగా ఆపేస్తారు. ఉప్పు బంద్. బరంపురం అప్పడం, ఆవకాయ, ఇంట్లో ఎదురుగా పెట్టుకుని తినకూడదంటే ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు, ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది మరి. చివరి రాత్రి హోటల్ బాత్‌రూమ్‌లో టబ్బు నిండా వేడినీళ్ళు, అందులో ఎప్సమ్ సాల్ట్, కుర్రాడు మెడదాకా మునిగి ఉంటాడు, నేను పక్కన స్టూలు మీద వాచీ పట్టుకుని కూర్చుంటాను. పది నిమిషాలు లోపల, తీసి తువ్వాళ్ళలో చుట్టి మంచం మీద పది నిమిషాలు, మళ్ళీ తూకం. రెండు వందల గ్రాములు. మళ్ళీ లోపలికి. పెదాలు తెల్లగా అయిపోతాయి, నోట్లో ఉమ్ము ఊరదు, మాట్లాడితే నాలుక అంగిలికి అంటుకుంటున్న చప్పుడు వినబడుతుంది. అప్పుడు ఓ మామూలు ప్రశ్న అడుగుతాను, మీ చెల్లి పేరేంట్రా అని. జవాబు ఆలస్యమైతే కట్ అక్కడితో ఆపేస్తాను, ఫైట్ పోతే పోనీ.

2015 డిసెంబరులో మనీలాలో వన్ చాంపియన్‌షిప్ అనే సంస్థ ఫైట్ కోసం బరువు తీస్తూ యాంగ్ జియాన్ బింగ్ అనే చైనా కుర్రాడు చనిపోయాడు, ఇరవై ఒక్క ఏళ్ళు. కేజ్‌లోకి అడుగు కూడా పెట్టలేదు. ఆ తర్వాతే ఆ సంస్థ వాళ్ళు పద్ధతి మార్చి, మూత్రం పరీక్ష చేసి ఒంట్లో నీళ్ళు తగినన్ని ఉన్నాయా లేదా చూస్తామన్నారు. ఖబీబ్ నుర్మగొమెదోవ్ ఉన్నాడు కదా, 29 ఫైట్లలో ఒక్కటీ ఓడకుండా 2020లో మానేసిన మనిషి, అతనంతటివాడు కూడా 2017లో బరువు తీస్తూ ఆసుపత్రి పాలయ్యాడు, టైటిల్ ఫైట్ రద్దయింది. ఇంకో మాట. మన గోపాల్‌పూర్ బీచ్‌లో మే నెల్లో ప్లాస్టిక్ రెయిన్‌కోట్ తొడుక్కుని పరిగెత్తే గుంటల్ని చూస్తున్నాను. మన గాలిలోనే తడి ఎక్కువ, మామూలు చొక్కాతోనే చెమట ఆరదు. ప్లాస్టిక్ కప్పుకుంటే ఒంటి వేడికి దారే ఉండదు. రీల్ కోసం చేసే పని కాదది. పక్కన మనిషి లేకుండా, ఓఆర్ఎస్ లేకుండా, ఆటో పిలిస్తే వచ్చే చోటు కాకుండా బరువు తియ్యకండి, ఇంకా మంచిది ఏంటంటే మొదటి రెండు మూడేళ్ళు అసలు నీళ్ళ కట్ జోలికే పోకండి, ఉన్న బరువులో ఆడండి. ఓడితే ఓడండి.

(ఎవరో అడిగారు: తూకం అయ్యాక బిర్యానీ తినొచ్చా?) తినొచ్చు, కాకపోతే తిన్నది తిన్నట్టు బయటికొస్తుంది. (నవ్వులు) ముందు ఓఆర్ఎస్ గుక్కగుక్కగా, తర్వాత అన్నం, అరటిపండు, పెరుగన్నం. మన చద్దన్నం కూడా బాగానే పని చేస్తుంది, నీళ్ళూ ఉప్పూ రెండూ ఉన్నాయి అందులో. దానికి ఇంగ్లీషు పేరు పెట్టి డబ్బాలో అమ్మితే కొనుక్కుంటారు గానీ.

డబ్బా అంటే గుర్తొచ్చింది. పొడుల షాపులో ఏది పడితే అది కొనకండి. లేబుల్ మీద లేని మందు లోపల ఉండొచ్చు, డోప్ టెస్టులో దొరికితే "నాకు తెలీదు సార్" అనే మాటతో బయటపడటం కష్టం. నీ ఒంట్లోకి ఏది వెళ్ళినా దానికి నువ్వే బాధ్యుడివి అని నిబంధన ముందే రాసి ఉంటుంది.

ఫైట్ రాత్రి గురించి పెద్దగా చెప్పను, అదొక్కటే అందరికీ తెలిసిన భాగం. చేతికట్టు ఒక్కటి చెప్తాను, నాకిష్టమైన పని అది. కుర్చీ వెనక్కి తిప్పి కుర్రాణ్ణి కూర్చోబెట్టి, వీపు ఆనించే ఆ కుర్చీ అంచు మీద వాడి చెయ్యి ఆనించి, వేళ్ళు చాపించి గాజుగుడ్డ చుడతాను, మణికట్టు, అరచెయ్యి వెనక, వేళ్ళ సందులు, పైన టేపు. గట్టిగా చుడితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది, వదులైతే వేలు విరుగుతుంది. అయ్యాక అధికారి వచ్చి చూసి టేపు మీద మార్కర్‌తో సంతకం చేస్తాడు, ఇంక దాన్ని ముట్టుకోకూడదు. అప్పటిదాకా నోరు మూయకుండా వాగే కుర్రాడు కూడా ఆ పావుగంట మాట్లాడడు. తర్వాత కనుబొమ్మల మీద వాజెలిన్, నాలుగు ఔన్సుల గ్లవ్స్, అంతే. లోపల చర్మం తెగితే ఒక్క నిమిషంలో మందు తడిపిన పుల్లతో నొక్కిపట్టి, వాపు మీద చల్లటి ఇనుప ముక్క పెట్టి, అదే సమయంలో "ఇది ఎన్నో రౌండు?" అని అడుగుతాను. చాలామంది దీన్ని మాట వరసకి అడిగేది అనుకుంటారు. తప్పు చెప్తే, ఫైట్ ఆపెయ్యమని లోపలికి విసరడానికి తువ్వాలు నా భుజం మీదే ఉంటుంది.

ఇంక డబ్బు. పెద్దవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు, కుర్చీలు కిర్రుమన్నాయి. (నవ్వులు)

యూఎఫ్‌సీలోకి కొత్తగా వెళ్ళిన వాళ్ళకి ఈమధ్య మామూలుగా వినబడే అంకె పన్నెండు వేల డాలర్లు, గెలిస్తే ఇంకో పన్నెండు వేలు. వింటుంటే బ్రహ్మాండంగా ఉంది. అమెరికాలో ఆడి ఓడిపోయాడు అనుకుందాం. పన్నెండు వేలు. పరదేశీ ఆటగాడికి మామూలుగా ముప్పై శాతం పన్ను ముందే పట్టేసుకుంటారు, మూడు వేల ఆరొందలు పోయింది. మేనేజర్‌కి పది శాతం, జిమ్‌కి పది శాతం, ఇంకో రెండు వేల నాలుగొందలు. చేతిలో ఆరు వేలు, అంటే సగం. అందులోంచి ఫైట్ ముందు రెండు మూడు నెలల తయారీ క్యాంపు, తిండి, ఫిజియో, స్పారింగ్ మనుషుల ఖర్చు. ఏడాదికి అలాంటివి రెండు దొరుకుతాయి, గాయమైతే ఒకటి, అదీ ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద సంస్థలో. ఇక్కడ మన దేశంలో చిన్న షోల్లో ఆడేవాళ్ళలో చాలామందికి వచ్చింది క్యాంపు ఖర్చుకే సరిపోదు. టికెట్లు నువ్వే అమ్ముకో అనే నిర్వాహకులూ ఉన్నారు. రక్తపరీక్షలు, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, కళ్ళ పరీక్ష, ఇవన్నీ నీ జేబులోంచే. ఆ పరీక్షలు అడగని షో ఉంటే అక్కడ ఆడకు, ఎందుకంటే అవతలివాణ్ణీ అడగలేదన్నమాట.

పెద్ద సంస్థలో డబ్బు లేక ఇలా ఇస్తున్నారా? కాదు. 2014లో కొందరు ఫైటర్లు యూఎఫ్‌సీ మీద అమెరికా కోర్టుకెక్కారు, మాకు వేరే చోటికి పోయే దారి లేకుండా చేసి తక్కువ ఇస్తున్నారని. ఆ కేసులో బయటపడిన కాగితాల ప్రకారం కంపెనీ ఆదాయంలో ఫైటర్లకి వెళ్ళేది ఇరవై శాతం లోపే, అదే అమెరికా బాస్కెట్‌బాల్ లీగులో దాదాపు సగం ఆటగాళ్ళకి వెళ్తుంది. చివరికి 37.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరి 2025లో కోర్టు ఒప్పుకుంది. పదేళ్ళు పట్టింది చూశారా. ఫైటర్లకి యూనియన్ లేదు. సూరత్ లూముల్లో, అంటే మరమగ్గాల మీద పనిచేసి వచ్చిన మనవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు, యూనియన్ లేకపోతే ఏమవుతుందో వాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఫ్రాన్సిస్ ఎంగానూ అని కామెరూన్ మనిషి, చిన్నప్పుడు ఇసుక గనుల్లో పనిచేశాడు, పారిస్ వీధుల్లో పడుకున్నాడు, హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. 2023లో చాంపియన్‌గా ఉండగానే ఆ ఒప్పందం నాకొద్దని బయటికొచ్చి అదే ఏడు పెద్ద బాక్సర్ టైసన్ ఫ్యూరీతో బాక్సింగ్ చేశాడు. అలా కాలర్ ఎగరేసి బయటికి రావాలంటే ముందు అంతటివాడు కావాలి, అదీ ఇందులో ఇబ్బంది.

మనవాళ్ళ సంగతి చూద్దాం. ముంబై కుర్రాడు భరత్ ఖండారే 2017లో యూఎఫ్‌సీలో కాంట్రాక్టు తెచ్చుకుని షాంఘైలో ఆడాడు, మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాడు. ఉత్తరాఖండ్ నుంచి అన్షుల్ జుబ్లీ, 2023 ఫిబ్రవరిలో యూఎఫ్‌సీలోకి దారిగా పెట్టే రోడ్ టు యూఎఫ్‌సీ పోటీ ఫైనల్ గెలిచి కాంట్రాక్టు సంపాదించాడు, దేశమంతా ఎగిరింది. అదే అక్టోబరులో అబుదాబీలో మూడో రౌండులో నాకౌట్. మళ్ళీ కేజ్‌లోకి వచ్చేసరికి 2025 ఫిబ్రవరి, సిడ్నీలో, పందొమ్మిది సెకన్లలో అయిపోయింది. ఏడాది మించిన ఎదురుచూపు, తయారీ, పందొమ్మిది సెకన్లు. నేను ఆ అబ్బాయిని తక్కువ చెయ్యడం లేదు, అతను చేరిన చోటికి మనలో ఎవరూ చేరలేదు. ఈ వృత్తి ఎంత సన్నటి గట్టు మీద నడుస్తుందో చెప్తున్నానంతే. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా అమ్మాయి పూజా తోమర్, వుషూ అనే చైనా యుద్ధకళలోంచి వచ్చింది, 2024 జూన్‌లో యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ, అదీ ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి లెక్కతో. తర్వాతి ఏడు మార్చిలో లండన్‌లో ఆర్మ్‌బార్ అనే మోచెయ్యి విరిచే పట్టుకి ఓడింది. రీతూ ఫోగట్ కుస్తీ నుంచి వచ్చి వన్ చాంపియన్‌షిప్‌లో 2021లో గ్రాండ్ ప్రి అనే టోర్నీ ఫైనల్ దాకా వెళ్ళింది.

ఇందులో మీరు పట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ అమ్మాయిలిద్దరూ నేరుగా ఎంఎంఏలో పుట్టలేదు. ఒకరు వుషూ, ఒకరు కుస్తీ. ఏదో ఒక ఆటలో లోతుగా దిగి, తర్వాత ఇటొచ్చారు. మా దగ్గరికి పదిహేనేళ్ళ గుంటడు వచ్చి "నాకు ఎంఎంఏ కావాలి" అంటే, ముందు కుస్తీయో, జూడోయో, బాక్సింగో అయిదేళ్ళు చెయ్యమంటాను. విశాఖ మనకి దగ్గరే, అక్కడ బాక్సింగ్‌కి పాత పేరుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది, అది నాన్నల కోసం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది, 2024లో తెలంగాణ పోలీసుల్లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చారు. ఆ ఆటలకి జిల్లా, రాష్ట్రం, జాతీయం అని మెట్లున్నాయి, సర్టిఫికెట్టుకి స్పోర్ట్స్ కోటాలో విలువుంది. ప్రొఫెషనల్ ఎంఎంఏ రికార్డు పట్టుకెళ్ళి ఏ ఆఫీసులో చూపిస్తావు? 2026 ఆసియా క్రీడల్లో ఎంఎంఏకి చోటిచ్చారు కాబట్టి ముందు ముందు కొంత మారొచ్చు. కానీ మన దేశంలో ఈ ఆట పేరుతో ఒకటికి మించి సంఘాలున్నాయి, ఏ సర్టిఫికెట్టు ఎక్కడ చెల్లుతుందో డబ్బు కట్టే ముందే కనుక్కోండి.

ఇంక ప్రశ్నలడగండి, నా గొంతు ఆరిపోయింది.

(ఒక తల్లి: మావాడు డిగ్రీ రెండో ఏడు, మానేసి హైదరాబాదు పోతానంటున్నాడండి. ఏటి చెయ్యమంటారు?)

అమ్మా, మీవాడు ఈ హాల్లో ఉన్నాడా? ఉన్నాడు, తల దించుకున్నాడు. బాబూ, ఫైటర్‌కి మంచి వయసు ఇరవై అయిదు దాటాకే, చాంపియన్ల వయసులు తీసి చూసుకో. నీకింకా ఏళ్ళున్నాయి. డిగ్రీ ఒకటిన్నర సంవత్సరం మిగిలింది, అందులో పొద్దున ఒక సెషను, సాయంత్రం ఒక సెషను పెట్టుకోడానికి కాలేజీ అడ్డం రాదు. ఆలోగా అమెచ్యూర్ ఫైట్లు ఆడు, మూడేసి నిమిషాల రౌండ్లు, కాళ్ళకి షిన్ గార్డులు ఉంటాయి. అమెచ్యూర్‌లో ఓడితే నీ ప్రొఫెషనల్ రికార్డుకి అంటదు, ప్రొఫెషనల్‌గా మొదటి మూడూ ఓడితే మాత్రం నిన్ను పిలిచేది ఇంకొకణ్ణి గెలిపించడానికే. డిగ్రీ అయ్యాక హైదరాబాదు వెళ్ళు, అమ్మ ఆపదు. ఆపరు కదమ్మా? (నవ్వులు)

(ఒక పెద్దాయన: ఎప్పుడు మానెయ్యాలో ఎలా తెలుస్తుంది?)

వాడికి తెలీదండీ, ఇంట్లోవాళ్ళకే ముందు తెలుస్తుంది. నాలుగు రోజులు దాటినా తలనొప్పి తగ్గకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, చెప్పిన మాటే మళ్ళీ చెప్పడం. ఇవి కనబడితే ముందు న్యూరాలజిస్టు దగ్గరికి, తర్వాత కోచ్ దగ్గరికి, ఈ వరస మార్చకండి. ఇంతకు ముందు పడిపోనంత చిన్న దెబ్బకి పడిపోవడం మొదలైతే నా వరకు అదే ఆఖరు, నేను వాడికి ప్యాడ్లు పట్టి ప్రాక్టీసు చేయించను. నా దగ్గర మానేసి వేరే జిమ్‌కి పోయిన వాళ్ళున్నారు, పోనివ్వండి.

(ఒక కుర్రాడు: అన్నా, నేను వచ్చే నెల సూరత్ వెళ్తున్నా, మా బావ దగ్గర లూములో పని. అక్కడ ప్రాక్టీసు చెయ్యొచ్చా?)

షిఫ్టు ఎంత, పన్నెండు గంటలా? రాత్రా పగలా? (రాత్రి, వారం మారితే పగలు.) అయితే విను తమ్ముడూ. రాత్రి షిఫ్టు వారంలో స్పారింగ్ ముట్టుకోకు, నిద్ర లేని తల మీద దెబ్బ రెట్టింపు చెరుపు. ఆ వారం ఊరికే నడు, ఒళ్ళు సాగదీసుకో, వీలైనంత పడుకో. పగలు షిఫ్టు వారంలో సాయంత్రం గంటసేపు కుస్తీయో జియుజిత్సో దొరికే చోటు వెతుక్కో, అంత ఊళ్ళో దొరక్కపోదు. తిండికి గుడ్లు, శనగలు, పప్పు, మెస్సులో అడిగి ఇంకో గరిటె వేయించుకో. జీతంలో కొంత పక్కన పెట్టి ముందు మంచి మౌత్ గార్డ్ కొను, డెంటిస్టు దగ్గర అచ్చు తీయించి చేయించుకున్నది, గ్లవ్స్ తర్వాత. సెలవుకి ఊరొచ్చినప్పుడు నా దగ్గరికి రా, సామాను దించి, ఒక రోజు పడుకుని, ఆ తర్వాత రా. రైలు దిగి నేరుగా రాకు.